11 ఏళ్లు, 13 పుస్తకాలు: నా తోలు అట్ట ప్రయాణ డైరీ

పోయిన నెల ఒక వీసా దరఖాస్తు నింపాల్సి వచ్చింది. గత 10 ఏళ్లలో ఏయే దేశాలు వెళ్లారు, ఏ తేదీన అడుగుపెట్టారు, ఏ తేదీన బయటపడ్డారు అని గడులు గడులుగా అడిగింది. మా ఆయన ఫోన్ తీసి, గ్యాలరీలో ఫొటోలు వెనక్కి జరుపుతూ కూర్చున్నారు. నేను అలమరలోంచి సన్నటి పుస్తకం ఒకటి తీసి, వేలు పెట్టి చూసుకుంటూ 20 నిమిషాల్లో గడులన్నీ నింపేశాను. తలెత్తి చూస్తే ఆయన ఇంకా 2019 దగ్గరే ఉన్నారు. "మీకేం ఆడిటరు గారూ, పద్దులన్నీ రెడీగా ఉంటాయి" అన్నారు. ఆ మాటలో మెచ్చుకోలు ఎంతో, ఉడుకుమోత్తనం ఎంతో తేల్చడం కష్టం.

వృత్తిరీత్యా నేను లెక్కల మనిషినే. అయినా చాలా ఏళ్లు నా ప్రయాణాలకి మాత్రం లెక్కాపత్రం ఉండేది కాదు. 2014లో ఈ తోలు అట్ట డైరీ కొన్నాక అది మారింది. కొన్న వారానికే రాసేసే రివ్యూలు నేను నమ్మను. 11 ఏళ్లు వాడి, తడిపి, చింపి, బూజు పట్టించి, రెండుసార్లు పోగొట్టుకుని మళ్లీ దొరికించుకున్నాక రాస్తున్నాను కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

ముందు వస్తువు ఎలా ఉంటుందో చెప్తాను. అట్ట అంతా ఒకే తోలు ముక్క. లోపల అస్తరు లేదు, జేబులు లేవు, కుట్లు కూడా లేవు. వెన్ను వెంట నిలువుగా ఒక ఎలాస్టిక్ తాడు ఉంటుంది. పల్చటి నోటు పుస్తకాన్ని మధ్యకి తెరిచి ఆ తాడు కిందికి దూర్చేయడమే. పుస్తకం నిండితే లాగేసి కొత్తది దూర్చుకోవాలి. అట్ట మాత్రం జీవితాంతం అదే, కనీసం వాళ్లు చెప్పేది అది. మూసి ఉంచడానికి పైన ఇంకో ఎలాస్టిక్. అంతే, అందులో దాచిన రహస్యమేమీ లేదు.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది జపాన్‌కి చెందిన మిడోరి అనే కంపెనీ. 2006లో ట్రావెలర్స్ నోట్‌బుక్ అని మొదలుపెట్టింది. తర్వాత అదే కొలతల్లో చాలామంది చేశారు. నాది ఆ అసలుది కాదు, ఆ దారిలో వచ్చిన ఇంకొకరిది. పేరు చెప్పను. కింద తిట్టాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి, పైగా కొలత ఒకటే కాబట్టి ఎవరి రీఫిల్ (లోపల దూర్చే పుస్తకం) అయినా ఎవరి అట్టలోనైనా పడుతుంది. అట్ట కొన్నంత మాత్రాన ఒకే కంపెనీకి జీవితాంతం కట్టుబడి ఉండక్కర్లేదన్నమాట. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. ఏళ్ల తరబడి కొనసాగించాల్సిన అలవాటు ఒక్క కంపెనీ బతికుండటం మీద ఆధారపడకూడదు.

లోపలి పుస్తకం 21 సెంటీమీటర్ల ఎత్తు, 11 సెంటీమీటర్ల వెడల్పు. నా రీఫిల్స్‌లో 64 పేజీలు. ఏ4 కాగితాన్ని మూడు మడతలు పెడితే వచ్చే కొలత 21 ఇంటూ 9.9, అంటే బుకింగ్ ప్రింట్లు మడిచి లోపల పెడితే అంచు కూడా బయటికి రాదు. కొన్న మొదటి ప్రయాణంలోనే ఇది నచ్చింది.

వెడల్పు మాత్రం మొదట్లో చిరాకు పెట్టింది. తెలుగులో రాసేవాళ్లకి ఆ బాధ ఇంకాస్త ఎక్కువ. మన మాటలు ఒకదానికొకటి అతుక్కుపోయి పొడుగవుతాయి కదా. "తిరిగొచ్చేయాల్సొచ్చింది" అన్న ఒక్క మాటే నా చేతిరాతకి సగం వరుస మింగేస్తుంది. మిగతా సగంలో ఇంకో మాట పట్టదు. మొదటి పుస్తకం చూస్తే పేజీ కుడి అంచంతా ఇరుక్కుపోయిన అక్షరాలే.

కానీ ఆ ఇరుకే ఈ పుస్తకాన్ని కాపాడింది. అంతకుముందు నేను పెద్ద పెద్ద డైరీలు కొనేదాన్ని. మొదటిరోజు నాలుగు పేజీలు, రైలు కిటికీలోంచి కనిపించిన ప్రతి చెట్టూ వర్ణన. రెండోరోజు పేజీన్నర. మూడోరోజు "చాలా అలసిపోయాం, రేపు రాస్తాను". ఆ రేపు ఎప్పుడూ రాలేదు. అలాంటి డైరీలు మా ఇంట్లో ఐదు ఉన్నాయి, అన్నీ మూడోరోజు దగ్గరే ఆగిపోయాయి. ఈ సన్న పేజీ అయితే 10 నిమిషాల్లో నిండిపోతుంది. నిండిపోయింది కాబట్టి ఆ రోజుకి పని అయిపోయినట్టే. మంచం మీద నడుం వాల్చేముందు 10 నిమిషాలు ఎవరైనా కూర్చోగలరు.

నేను రాసే తీరు ఇది. ఎడమ పేజీలో పద్దు: తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎందులో, ఎన్నింటికి బయల్దేరాం, ఎన్నింటికి చేరాం, గది నంబరు, ఎంత ఖర్చయింది, ఎండా వానా. కుడి పేజీలో ఒకే ఒక్క సంగతి, అదీ ఫొటోలో పడనిది. గుడిగోపురమో మంచుకొండో ఎలా ఉందో నేను రాయను, అది ఫొటో చూసుకుంటుంది. 2017 పుస్తకంలో ఒక కుడి పేజీ ఇలా ఉంది: "కిటికీకి గడియ లేదు. తలుపు కొట్టుకోకుండా నా చెప్పులు రెండూ కింద ఇరికించాం. రాత్రంతా గాలి. తెల్లారి చూస్తే ఒకటే ఉంది." ఆ గదికి మేం 14 ఫొటోలు తీశాం. ఒక్కదానిలోనూ ఆ చెప్పు లేదు. ఫొటోలు చూస్తే కిటికీ అందంగా ఉంది, అవతల లోయ ఇంకా అందంగా ఉంది. నాకు మాత్రం ఆ పేజీ చదివితే ఒంటికాలు చెప్పుతో మెట్లు దిగడం, కింద ముసలాయన నవ్వు ఆపుకోలేకపోవడం గుర్తొస్తాయి.

ఇక అసలు కథ 2016 నాటిది. మేం నలుగురం, మా ఆయనా, నేనూ, మా ఆడపడుచూ, వాళ్లాయనా, ఒక పెద్ద సరస్సు మీద పడవెక్కాం. మధ్యలో ఇంజను ఆగిపోయింది. ఇది నేను తర్వాత ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. చెప్పినప్పుడల్లా జల్లు పడుతుండేది, గాలి లేచేది, ఒడ్డు కనపడేది కాదు. నిజం చెప్పాలంటే ఏడాదికేడాది వాన పెరుగుతూ వచ్చింది. మొన్నామధ్య ఒక పెళ్లిలో మళ్లీ మొదలుపెడితే మా ఆడపడుచు మధ్యలోనే అందుకుంది. "వదినా, వానెక్కడిది? ఎండకి నా ముఖం కందిపోయి వారం రోజులు పొట్టు రాలింది. గంటసేపు మాడిపోయాం."

నాకు పౌరుషం వచ్చింది. వాన చుక్కలు కళ్ల ముందు కనపడుతున్నాయి మరి. ఇంటికెళ్లగానే నాలుగో పుస్తకం తీశాను. పెన్సిలుతో రాసి ఉంది: "మ. 3.40. ఇంజను ఆగింది. ఎండ బాగా ఉంది. 25 నిమిషాలు. పడవతను ఎవరినో ఫోన్లో తిట్టాడు." రెండు పేజీలు తిప్పితే మర్నాటి బస్సు: "వాన. అద్దం మూసినా నీళ్లు కారుతున్నాయి. కొంగు తడిసింది." నేను రెండింటినీ కలిపేసుకున్నాను. బస్సు అద్దం మీది వానని తీసుకెళ్లి సరస్సు మీద కురిపించాను. మా ఆడపడుచుదీ పూర్తిగా ఒప్పు కాదు, గంట కాదు, 25 నిమిషాలే. ఈ సంగతి ఫోన్ చేసి చెప్తే ఆమె ఒప్పుకోలేదు, "25 నిమిషాలకి ముఖం అంతలా కందుతుందా" అంది.

మా అమ్మాయి సైకాలజీ చదువుతోంది. ఇది మామూలే అమ్మా అంది. ఇంగ్లండులో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ అనే ఆయన 1932లోనే దీని మీద రాశాడట. ఒక కథ చదివించి, కొన్నాళ్లకోసారి మళ్లీ రాయమంటే జనం తెలియకుండానే తమకి నప్పేట్టు మార్చేస్తారని చూపించాడట. గుర్తు తెచ్చుకోవడమంటే బీరువాలోంచి తీయడం కాదు, మళ్లీ కట్టుకోవడం అని వాళ్ల పాఠం. నా వృత్తిలో దీన్ని వోచరు, అంటే రుజువు కాగితం, లేని ఎంట్రీ అంటాం. అందుకే ఎడమ పేజీ ఎంత పొడిగా ఉన్నా నేను వదలను. చదవడానికి బోరు, సాక్ష్యానికి అదే గట్టి.

ఇప్పుడు తిట్లు.

మొదటిది ఎలాస్టిక్. "జీవితాంతం" అన్న అట్టకి మూడో ఏడే వెన్ను తాడు తెగింది. ఎక్కడ తెగింది? ప్లాట్‌ఫాం మీద, రైలు వస్తుండగా, సంచిలోంచి డైరీ లాగిన క్షణంలో. పుస్తకం ఒకవైపు, టికెట్లు ఒకవైపు, మడిచిపెట్టిన కాగితాలు గాల్లో. ముగ్గురు తెలియనివాళ్లు ఏరిపెట్టారు. జుట్టుకి పెట్టుకున్న రబ్బరు బ్యాండు తీసి కట్టి ఆ ప్రయాణం నడిపించాను. ఇంటికొచ్చి కంపెనీకి మెయిల్ పెడితే ఒక తాడు పంపారు. అది బెజ్జంలో దూరనంత లావుగా ఉంది. మళ్లీ రాస్తే కొత్త అట్ట కొనుక్కోమన్నారు. తాడు తెగితే అట్ట మార్చమనడం, బొత్తాం ఊడితే చొక్కా మార్చమన్నట్టుంది. చివరికి కుట్టుపని సామాన్లలో దొరికే 2 మిల్లీమీటర్ల గుండ్రటి ఎలాస్టిక్ తెచ్చుకుని నేనే వేసుకున్నాను. ఇప్పుడున్నది నాలుగోది, ఎర్రటిది. మీరూ కొంటే మొదటిరోజే ఒక మూర ఎలాస్టిక్ చుట్టి అట్ట వెనక పెట్టుకోండి.

రెండోది తోలు. కొత్తలో గోరు తగిలినా గీత పడుతుంది. నేను భద్రంగా ఉండాలని ప్లాస్టిక్ కవర్లో గాలి తగలకుండా కట్టి అలమరలో పెట్టాను. వానాకాలం అయ్యాక తీస్తే పచ్చటి బూజు. తోలుకి గాలి ఆడాలన్న సంగతి దానితో వచ్చిన చీటీలో లేదు. పొడిగుడ్డతో తుడిచి, నీడలో నాలుగు రోజులు ఆరబెడితే బాగుపడింది, మచ్చ మాత్రం ఉంది. ఇప్పుడు గుడ్డసంచిలో పెడుతున్నాను. ఇంకోసారి బాగా తడిస్తే రంగు వదిలి లోపలి పుస్తకం అంచులు గోధుమరంగు అయ్యాయి. అక్షరాలు మాత్రం పోలేదు.

మూడోది కాగితం. మొదటి నాలుగైదు రీఫిల్స్ దారంతో కుట్టినవి. తర్వాత పిన్నులు కొట్టినవి పంపడం మొదలుపెట్టారు. ధర తగ్గించలేదు, చెప్పనూ లేదు. ఏడో పుస్తకం పిన్నుల చుట్టూ ఇప్పటికే తుప్పు మరకలున్నాయి. అప్పటి నుంచి రీఫిల్స్ వేరేచోట కొంటున్నాను, దారం కుట్టు చూసి మరీ.

ఇవి వస్తువు తప్పులు. నా తప్పులు కూడా చెప్తాను, ఎందుకంటే కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే.

మొదటి పుస్తకం నీలం ఇంకుతో, పెన్నులో పోసుకునే ఇంకుతో ముచ్చటగా రాశాను. సంచిలో నీళ్ల సీసా మూత వదులైంది. తొమ్మిది పేజీలు నీలిమబ్బులైపోయాయి. అక్కడక్కడా "ళ్లు", "కి" మిగిలాయి. ఆ రకం ఇంకు నీళ్లలో కరిగే రంగు, బట్టల మీద పడితే పోవాలని చేసింది కాబట్టి పుస్తకం మీదా పోయింది. రెండో పుస్తకం నుంచి పెన్సిలు. పెన్సిలు గీతలో ఉండే గ్రాఫైటు కార్బన్ తప్ప మరేమీ కాదు, నీళ్లకి కరగదు, వెలుతురుకి వెలవదు. నేను హెచ్‌బీ వాడతాను. 2బీ నల్లగా బాగుంటుంది గానీ ఎదురు పేజీకి అంటుకుంటుంది. పెన్నే కావాలంటే పిగ్మెంట్ ఇంకు అని రాసి ఉన్నది చూసి తీసుకోండి.

టికెట్ల కథ ఇంతకంటే ఘోరం. జ్ఞాపకంగా ఉంటుందని ఒక బోర్డింగ్ పాసుని లామినేట్ చేయించాను. మెషీన్లోకి తెల్లగా వెళ్లింది, అవతలి నుంచి నల్లగా వచ్చింది. మొత్తం నలుపు, ఒక్క అక్షరం లేదు. షాపు కుర్రాడు నా ముఖం చూశాడు, నేను వాడి ముఖం చూశాను. తప్పు వాడిది కాదు. అది థర్మల్ కాగితం. దాని మీద ఇంకు ఉండదు. వేడి తగిలిన చోట నల్లబడే రసాయన పూత ఉంటుంది, ప్రింటరు తలలో సన్నటి వేడితోనే అక్షరాలు వస్తాయి. అంత వేడి రోలర్లలోకి పంపితే కాగితమంతా ఒకే అక్షరమైపోయింది.

మిగతా టికెట్లని జాగ్రత్తగా ప్లాస్టిక్ జేబుల ఆల్బంలో పెట్టాను. అదీ తప్పే. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్‌లో మెత్తదనం కోసం కలిపే రసాయనాలు బయటికి వస్తూ ఆ పూతని చెరిపేస్తాయి. కొన్ని జిగుర్లూ అంతే. వెలుతురు, వేడి సరేసరి. 2015 నాటి ఒక బస్సు టికెట్టు ఉంది నా దగ్గర. అచ్చు మొత్తం వెలిసిపోయి తెల్లకాగితం అయింది. మూలన నేను పెన్సిలుతో రాసిన తేదీ, సీటు నంబరు 22 మాత్రం నిన్న రాసినట్టున్నాయి. ఇప్పుడు ఏ టికెట్టైనా ఆ సాయంత్రమే ఫోన్‌తో ఫొటో తీస్తాను, వివరాలు ఎడమ పేజీలో ఎక్కిస్తాను, ఆ తర్వాత కాగితం పోతే పోనీ. దాచాలనిపిస్తే పాలీప్రొపిలీన్ అనే వేరే రకం ప్లాస్టిక్ జేబులు, లేదా మామూలు కాగితం కవరు.

అంటించడానికి సెల్లో టేపు వద్దు. నాలుగైదేళ్లకి పసుపుపచ్చగా మారి, టేపు ఊడి, జిడ్డు మిగిలిపోతుంది. యాసిడ్ లేని గ్లూ స్టిక్ వాడుతున్నాను, ఇప్పటిదాకా ఇబ్బంది లేదు. అప్పటికప్పుడు వచ్చే చిన్న ఇన్‌స్టంట్ ఫొటోలు అంటించడం కూడా మానేశాను. చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, పది అంటిస్తే పుస్తకం ఉబ్బిపోయి ఎలాస్టిక్ మీద పడుతుంది. ఎలాస్టిక్ సంగతి చెప్పాను కదా.

ఇన్ని తిప్పలెందుకు, యాప్ లేదా అని మా అమ్మాయి అడుగుతుంది. ఉంది, రెండేళ్లు వాడాను. మనం ఏమీ చేయకపోయినా మ్యాప్ మీద గీత గీసుకుంటూ పోతుంది. ఫలానా వంతెన ఎన్నింటికి దాటామో కూడా చెప్తుంది. పద్దు పేజీ వరకు నాకంటే అదే నయం. కానీ ఫోన్ మార్చినప్పుడు పాత ఫోన్లోని ఆ చరిత్ర కొత్తదానికి రాలేదు. బ్యాకప్ వేరే ఆన్ చేసుకోవాలట, నిర్ణీత కాలం దాటినవి దానంతటదే చెరిపేసే సెట్టింగు కూడా ఒకటుందట. నేను చూసుకోలేదు. 14 నెలల గీతలు పోయాయి. అదే 14 నెలలు ఎనిమిదో పుస్తకంలో ఉన్నాయి.

అలాగని ఫోన్‌ని తీసిపారేయను. ఫొటో ఫైలులోనే తీసిన సమయం, ఫోనైతే చాలాసార్లు తీసిన చోటు కూడా రాసి ఉంటాయి, దాన్నే ఎగ్జిఫ్ అంటారు. ఒక్క జాగ్రత్త, వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపుకుంటే సైజు తగ్గి, ఆ వివరాలు పోతాయి, డాక్యుమెంటుగా పంపితే ఉంటాయి. తోటివాళ్ల ఫొటోలు తీసుకునేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. విడిగా కెమెరా ఉన్నవాళ్లకి ఇంకో తలనొప్పి ఉంటుంది. దేశం మారితే ఫోన్ గడియారం దానంతటదే మారుతుంది, కెమెరాది మారదు. నా కంప్యూటరులో అర్ధరాత్రి 12.10కి సూర్యాస్తమయాలు ఉన్నాయి. ఇప్పుడు ప్రతి ప్రయాణం మొదటిరోజూ ఫోన్లో గడియారం తెరిచి దాన్ని కెమెరాతో ఒక ఫొటో తీస్తాను. తర్వాత ఎంత తేడా ఉందో చూసుకుని, అన్ని ఫొటోల సమయం ఒకేసారి సరిచేయొచ్చు.

పాస్‌పోర్టు ఉందిగా, ముద్రలు చూసుకుంటే చాలదా అనేవాళ్లూ ఉన్నారు. ఆ రోజులు పోతున్నాయి. హాంకాంగ్‌లో 2013 నుంచి ముద్ర లేదు, చిన్న చీటీ ఇస్తారు. యూరప్‌లో షెంగెన్ దేశాలు 2025 అక్టోబరు 12 నుంచి ముద్ర బదులు ముఖం, వేలిముద్రలు కంప్యూటరులో ఎక్కించే పద్ధతి మొదలుపెట్టాయి. పాస్‌పోర్టు రెన్యూ చేయించుకున్నాక పాత పుస్తకం ఎక్కడ పెట్టామో వెతుక్కోవడం వేరే పని. ముద్రల మీద మోజు ఉంటే ఈ డైరీలోనే వేయించుకోవచ్చు. జపాన్‌లో చాలా రైల్వే స్టేషన్లలో రబ్బరు ముద్ర, ఇంకు దిండు పెట్టి ఉంచుతారు, ఎవరైనా కొట్టుకోవచ్చు. అమెరికా నేషనల్ పార్కుల్లో 1986 నుంచి ఇలాంటి ముద్రల పద్ధతి ఉంది. స్పెయిన్‌లో శాంటియాగోకి నడిచివెళ్లే యాత్రికులకి ముద్రల పుస్తకమే ఆధారం, నడిచినట్టు సర్టిఫికెట్టు కావాలంటే అది చూపించాలి. 11 సెంటీమీటర్ల పేజీలో ముద్ర చక్కగా పడుతుంది. కొట్టాక వెంటనే మూయకండి, ఎదురు పేజీలో దాని కవల పుడుతుంది. మధ్యలో పెట్టడానికి ఒక బ్లాటింగ్ కాగితం ముక్క ఉంచుకోండి.

వీసా రోజున నేను తీసిన సన్నటి పుస్తకం సంగతి చెప్పలేదు కదూ. అది సూచిక. రాసినది వెతికితే దొరకాలి, లేకపోతే రాసినా ఒకటే రాయకపోయినా ఒకటే. ప్రతి రీఫిల్‌కి అట్ట మీద నంబరు, మొదటి తేదీ, చివరి తేదీ. పేజీ నంబర్లు నేనే వేస్తాను. సూచిక పుస్తకంలో సగం అకారాది క్రమంలో ఊళ్ల పేర్లు, పక్కన "4/31" అని, అంటే నాలుగో పుస్తకం 31వ పేజీ. రెండో సగంలో దేశం, వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ. "స" దగ్గర చోటు చాలక రెండుసార్లు కాగితం అంటించాను. ప్రపంచంలో ఊళ్లన్నీ "స"తోనే మొదలవుతాయేమో తెలీదు.

పుస్తకం నిండిన రోజు 32 ఫొటోలు తీస్తాను, రెండేసి పేజీలకి ఒకటి. ఫైలు పేరు ముందు ఏడాది, తర్వాత నెల, తర్వాత రోజు. అలా పెడితే కంప్యూటరు వాటంతటవే వరుసలో పేరుస్తుంది. ఒక కాపీ ఇంట్లో డిస్కులో, ఒకటి క్లౌడ్‌లో, ఇంకోటి మా అమ్మాయి దగ్గర. ఇంతకీ నేను రెండుసార్లు పోగొట్టుకున్నానన్నాను కదా, రెండుసార్లూ హోటలు గదిలో దిండు కిందే. మొదటి పేజీలో ఈమెయిలు రాసి ఉండబట్టి తిరిగొచ్చింది. ఇంటి అడ్రసు మాత్రం రాయకండి, ఊళ్లో లేమని మనమే చాటినట్టు.

5కి 4 ఇస్తాను. ఆ ఒక్కటీ ఎలాస్టిక్‌కి, ఆ మెయిల్‌కి కలిపి కోసేశాను. బొమ్మలు వేసేవాళ్లకి ఇది వద్దు, పేజీ సన్నం. రోజూ రాయడానికి చాలా విషయాలు ఉన్నవాళ్లకీ వద్దు. మూడోరోజు ఆగిపోయిన డైరీలు ఇంట్లో ఉన్నవాళ్లు తప్పకుండా చూడండి. అట్ట లేకపోయినా ఫర్వాలేదు, అదే కొలత రీఫిల్ ఒకటి కొని రెండు ప్రయాణాలు నడిపి చూసుకున్నాక అట్ట సంగతి ఆలోచించొచ్చు.

సరస్సు గొడవ తర్వాత మా ఆడపడుచు కూడా ఒకటి తెప్పించుకుంది. మొన్న వాళ్లు కొండల మీదికి వెళ్లారు. రాత్రి పదింటికి నాకు ఒక ఫొటో వచ్చింది, ఆమె డైరీలో మొదటి పేజీ. పైన తేదీ, కింద వంకరటింకర పెన్సిలు రాతలో రెండే వరుసలు: "వాన లేదు. వదినకి చూపించాలి."